డోన్ మండీ ఇచ్చిన పూచీ

డోన్, 4 మే 2009

బెంగుళూరులో కంప్యూటర్ల మధ్య కూర్చున్న మా వాసవికి, డోన్ మండీలో మామిడి గంపల మధ్య కూర్చున్న మేనమామ నాగసుబ్బయ్య దీవించి రాసేది.

నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు బయట లారీలోంచి సరుకు దించుతున్నారు. నీ మాటల్లో సగం నా ఎడమ చెవికి వచ్చాయి, తక్కిన సగం ఎవరికీ కాకుండా పోయాయి. వినబడినంతలో నాకు తెలిసింది ఇదీ: నువ్వు సర్టిఫికెట్ల తాలూకు పేరేదో రిజిస్టరు చేయిస్తున్నావు. మీ అత్త అనసూయమ్మ పక్కనే నిలబడి, "ఇల్లా, జాగానా? యాడ కొనె? మనకొక మాట చెప్పకుండానా?" అని నన్ను గిల్లింది. నేను ఫోన్‌లో "మంచిది, మంచిది" అన్నాను. అర్థం కానప్పుడు నేను అనే మాట అదే. నలభై ఏళ్ల వ్యాపారం సగం దానితోనే నెట్టుకొచ్చాను.

రిజిస్టరు ఆఫీసంటే నాకు బాగా తెలుసు కాబట్టి చెబుతున్నాను. అక్కడ ముందుగా టీ కొట్టువాడిని మంచి చేసుకోవాలి. లోపల ఎవరు ఏ మూడ్‌లో ఉన్నారో వాడికే తెలుస్తుంది. తర్వాత దస్తావేజు రాసేవాడు. ఆఖరున ఆఫీసరు. ఈ వరుస తప్పి నేరుగా ఆఫీసరు దగ్గరికి పోయినవాడు పనయి తిరిగి రావడం నేను చూడలేదు. మీ బెంగుళూరు ఆఫీసు ముందర టీ కొట్టు ఉందా?

ఫోన్ వద్దమ్మా, ఉత్తరం రాయి. ఉత్తరమైతే అద్దాలు పెట్టుకుని, ఎన్నిసార్లయినా అర్థం కాకుండా చదువుకోవచ్చు.

నీ జాగా ఏ దిక్కున ఉందోనని ఆలోచిస్తూ,
మామ

బెంగుళూరు, 14 మే 2009

మామకు, జాగా లేని వాసవి నమస్కారం.

ఇల్లూ లేదు, జాగా లేదు. అత్తకు చెప్పు. ఆఫీసు ముందర టీ కొట్టు ఉంది కానీ, ఆ టీ కొట్టాయనకు నా పనితో సంబంధం లేదు.

నీకు అర్థమయ్యేటట్టు మండీ లెక్కన చెబుతాను. మన మండీకి గంప వస్తే పైన చీటీ ఉంటుంది కదా, బంగినపల్లి, ఫలానా తోట అని. చీటీ లేకపోతే గోనె విప్పి, గడ్డి తీసి, చెయ్యి పెట్టి చూడాలి. ఇంటర్నెట్‌లో కూడా ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి గంపలు పోతూ ఉంటాయి. ఒకదాంట్లో బొమ్మ, ఒకదాంట్లో పాట. అవతలి కంప్యూటర్ చీటీ చదివి, గంపను ఎట్లా విప్పాలో తెలుసుకుంటుంది. ఆ చీటీల మీద రాయదగిన పేర్లకు ప్రపంచమంతటికీ ఒకటే పట్టీ ఉంది.

మా గంపలో ఉండేది ఒక అర్జీ. ఇంటర్నెట్‌లో కొట్టు తెరిచేవాళ్లు ముందుగా ఒక పెద్దమనిషి లాంటి సంస్థకు అర్జీ పెట్టుకుంటారు: "నేను ఫలానా, ఇదిగో నా ముద్ర, నేను నేనేనని సర్టిఫికెట్ ఇవ్వండి" అని. మన భాషలో పూచీ అడగడమే. ఈ అర్జీలు ఏళ్ల తరబడి తిరుగుతున్నాయి కానీ, చీటీ మీద ఎవరికి తోచిన పేరు వాళ్లు రాసుకుంటున్నారు. ఇది అధికారికం కాదని చెప్పడానికి పేరు ముందర ఒక ఎక్స్ అక్షరం తగిలించి కాలం వెళ్లబుచ్చుతున్నారు. ఆ ఎక్స్ తీసేసి, పేరును పట్టీకి ఎక్కించమని కోరే కాగితం నేను రాశాను. ప్రతి వరుసా నేనే రాశాను మామా. ఇప్పుడు దాన్ని అందరికీ కనబడేటట్టు పెట్టారు. అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పవచ్చు. జూన్ మొదటి శుక్రవారం దాకా గడువు.

ఒక్కటే ముల్లు. ఆ కాగితం చివర "ఈ పేరు సంగతి ఎవరిని అడగాలి" అని ఒక వరుస ఉంటుంది. అక్కడ మా పై అధికారి రాఘవేంద్రప్రసాద్ సార్ తన పేరు వేసుకున్నారు. ఇక్కడ అదే వాడుకట, పెద్దవాళ్ల పేరే వేస్తారట. ఆయన చెడ్డవాడు కాదు, చదవకుండా సంతకం పెట్టే రకం. కానీ సెప్టెంబరులో మా సెక్షన్‌ను రెండుగా చీలుస్తున్నారు. ఇట్లాంటి కాగితాల మీద పేరున్నవాళ్లు ఈ పనిలోనే ఉంటారు. లేనివాళ్లు ఫోన్లెత్తి తిట్లు తినే సెక్షన్‌కు పోతారు. సార్‌ను అడుగుదామని రోజూ అనుకుంటాను. ఆయన తల ఎత్తగానే "ఏం లేదు సార్" అని వచ్చేస్తాను.

నువ్వు చూస్తావని ఆ కాగితం ప్రింటు ఒకటి ఇందులో పెట్టాను. కడపలో అమ్మకు ఇవేవీ చెప్పకు.

నీ చీటీల పిల్ల,
వాసవి

డోన్, 27 మే 2009

పూచీ కోసం నిలబడి ఉన్న మా వాసవికి మామ ధైర్యం చెప్పి రాసేది.

జవాబు ఆలస్యమైంది. కాయ ఒక్కసారిగా దిగింది, మండీలో కాలు పెట్టే చోటు లేదు. నీ ఉత్తరం తూకానికీ తూకానికీ మధ్య ముక్కలుగా చదివాను. మొత్తం అర్థమైంది. నువ్వు మొహమాటపడి గంపలూ చీటీలూ అంటూ చుట్టు తిప్పి చెప్పావు గానీ, అసలు విషయం ఏమిటంటే నువ్వు కొత్తదానివి, లోకపు మండీలో నిలబడి పూచీ అడుగుతున్నావు. అవునా?

ఇది సిగ్గుపడే విషయం కాదు. నేనూ నిలబడ్డాను. మా మండీలో కొత్త వ్యాపారి మొదటి రోజు పొద్దున కాటా పక్కన నిలబడాలి. పెద్ద దళారి "ఇతనికి ఎవరు?" అని అడుగుతాడు. పాతవాళ్లలో ఒకరు "నేనుండా" అనాలి. ఎవరూ అనకపోతే ఆ కొత్తవాడు గోనె దులుపుకుని ఊరికి పోవాల్సిందే. కాదని ఎవరూ చెప్పరు. మా దగ్గర కాదనడం అంటే మాట్లాడకపోవడమే.

నేను నిలబడిన రోజు దళారి అడిగాడు. ఒక్కరూ పలకలేదు. ఒకాయన పుల్లతో పళ్లు కుట్టుకుంటున్నాడు, ఒకాయన తన చెప్పును తొలిసారి చూసినట్టు చూస్తున్నాడు. చివరికి పత్తికొండ కంబన్న వాళ్ల నాయన, "నేనుండాలే, ఇంక తూకం మొదలుపెట్టండప్పా, ఎండెక్కుతాంది" అన్నాడు. నా మీద నమ్మకంతో కాదు, ఎండ మీది భయంతో. అయినా పూచీ పూచీయే. ఆ మాట మీదే ఇప్పటికీ తింటున్నాను.

కాబట్టి నీకు ఎవరైనా పలికారా లేదా, అది రాయి. తక్కినదంతా గడ్డి.

నీ జవాబు కోసం పోస్టుమ్యాన్‌కు రెండు కాయలు ఎక్కువ ఇస్తున్న
మామ

బెంగుళూరు, 28 మే 2009

మామకు,

నీ జవాబు ఇంకా రాలేదు, అయినా ఉండబట్టక రాస్తున్నాను. కాగితం బయటపెట్టి ఇన్నాళ్లయింది, ఇంతవరకూ ఒక్కరు కూడా నోరెత్తలేదు! వచ్చే శుక్రవారం గడువు దాకా ఇట్లాగే ఉండాలని కనబడిన దేవుడికల్లా మొక్కుతున్నాను.

ఆత్రంలో ఉన్న,
వాసవి

డోన్, 4 జూన్ 2009

ఇక ఏ దేవుడికీ మొక్కనక్కరలేని మా వాసవికి మామ రాసేది.

సోమవారం నీ ఉత్తరం చూసి అన్నం వదిలి లేచాను. ఒక్కరూ నోరెత్తలేదట! పిల్ల ఆశ్చర్యార్థకం పెట్టి ఏడ్చింది అనుకున్నాను. నా పెళ్లినాడు కూడా వేసుకోని కోటు వేసుకుని, మన మండీ పక్కన జ్ఞానరాజు ఇంటర్నెట్ సెంటర్‌కు పోయాను. జ్ఞానరాజు నీకు తెలియదు. రైల్వేలో టికెట్ కలెక్టరుగా రిటైరై ఈ సెంటర్ పెట్టాడు. ఇప్పటికీ లోపలికి వచ్చినవాడి మొహం చూసి టికెట్ ఉందో లేదో చెప్పేస్తాడు.

నువ్వు పంపిన ప్రింటు చూపించాను. కింద "అభిప్రాయాలు ఈ చిరునామాకు" అని ఉంది. జ్ఞానరాజు అద్దాలు తుడుచుకుని, "ఇది కంప్లెయింట్ బుక్కు లాంటిదప్పా. ఎంతమంది రాస్తే అంత బలం" అన్నాడు. నేను మండీకి తిరిగి వచ్చి కాటా దగ్గర నిలబడి, "నా కోడలు వాసవి ఆడ లోకపు మండీలో నిలబడుకోనుండాది. ఒక్కడూ పలకలేదంట. ఆ పిల్లకు ఎవరు?" అని అడిగాను.

అమ్మా, ఎండా లేదు ఏమీ లేదు, అందరూ ఒకేసారి పలికారు. తూకం ఆగిపోయింది.

జ్ఞానరాజు ఒక్కొక్కరి పేరున ఒక్కో ఈమెయిల్ పెట్టె తెరిచాడు. వాళ్లు తెలుగులో చెప్పడం, ఆయన రైల్వే ఇంగ్లీషులో కొట్టడం. కంబన్న అన్నాడు: "పాపకు తూకంలో మోసం తెలీదు. చిన్నప్పుడు నా టమోటా గంపలకు చీటీలు రాసింది, ఒక్కటన్నా మారలేదు. రాయప్పా." పండ్ల బండి శివన్న, "నాకు పాప ఎవరో తెలీదు, నాగసుబ్బయ్య తెలుసు, రాయి" అన్నాడు. నిజాయితీపరుడు. మధ్యలో కరెంటు పోయింది. అందరూ చీకట్లోనే కూర్చున్నారు, ఒక్కరూ లేచిపోలేదు.

టమోటాలు ఏరే గిడ్డమ్మ మాత్రం ఇబ్బంది పెట్టింది. "నాకు సంతకం రాదు. వేలిముద్ర యాడ వేయాల?" అంది. "దీని మీద వేలిముద్ర పడదమ్మా" అన్నాడు జ్ఞానరాజు. "మరి నేనే చెప్పినానని వాళ్లకెట్ల తెలుస్తాది? నా పేరు పెట్టుకోని నువ్వే చెప్పుకుంటివేమో అనుకోరా?" అంది. అంతటితో ఆగక కంప్యూటర్ అద్దం మీద బొటనవేలు గట్టిగా నొక్కి, "పంపు" అంది. ఆ టమోటా మరక ఇంకా ఉంది. తుడవద్దని చెప్పిపోయింది.

మొత్తం ముప్పై ఒక్క పూచీ. ఇంక చూడు.

కోటు విప్పి గాలి విసురుకుంటున్న
మామ

బెంగుళూరు, 9 జూన్ 2009

మామా,

నమస్కారం తర్వాత పెడతాను.

ముప్పై ఒక్కటి! ఒకదాని వెనక ఒకటి, సంతలో మేకల్లాగా వచ్చాయి. అన్నీ "తమ దివ్యసముఖమునకు మిక్కిలి వినయముతో" అనే తరహా ఇంగ్లీషులో, అన్నీ పెద్ద అక్షరాలతో. ఒకదాని చివర "వేలిముద్ర వేయడమైనది" అని ఉంది. ఒకదాంట్లో నేను శుక్రవారం తలస్నానం తప్పనని కూడా ఉంది. అది చెప్పింది ఎవరో నాకు తెలుసు, అత్తను అడుగు.

మామా, ఇక్కడ మాట్లాడకపోవడమే ఒప్పుకోవడం! ఎవరూ నోరెత్తకపోతే పని అయిపోయినట్టు. నేను ఏడవలేదు, ఎగిరి గంతేశాను. శుక్రవారానికి ఒక్క పూట ముందు నువ్వు బజారంతటి చేత పలికించావు. ఇప్పుడు ప్రపంచంలోని పెద్దపెద్ద వాళ్లందరూ ఆ ఉత్తరాలు చదువుతున్నారు. ఒకాయన ఇది కంప్యూటర్ జబ్బు అనుకున్నాడు. ఒకాయన "డోన్ అనేది ఏ కంపెనీ?" అని అడిగాడు. ఒకావిడ, ముప్పై ఒక్కటీ ఒకే గదిలోంచి వచ్చాయి, ఇవి ముప్పై ఒక్కమంది మనుషులవేనని నమ్మకమేమిటి అంది. అచ్చం గిడ్డమ్మ అడిగిందే. పేరు ఎక్కించే పని ఆపేశారు.

దానికంటే పెద్దది ఇంకొకటి. ఈ పేర్లను పరీక్షించే పెద్దాయన ఒకరు ఫిన్లాండ్‌లో ఉన్నారు, తక్కువ మాట్లాడతారు. ఆయన అందరి ముందూ ఒక్క ప్రశ్న రాశారు: "ఈ ఉత్తరాలన్నీ వాసవి అనే మనిషి గురించి. కాగితం మీద ఆ పేరు ఎక్కడా లేదు. ఎవరు ఈవిడ?"

ప్రసాద్ సార్ నన్ను పిలిపించారు. కోప్పడలేదు, అదే భయంగా ఉంది. "పొరపాటు జరిగింది, ఈవిడ నా సహాయకురాలు, టైపు చేసింది అని నీ పేరుతోనే రాసేయి. గొడవ పోతుంది" అన్నారు. రేపు సాయంత్రం లోపల రాయాలి. అది రాస్తే ఆ వరుసలో నా పేరు ఇక ఎప్పటికీ రాదు. రాయకపోతే సార్ మొహం రేపటినుంచి ఎట్లా చూడాలి?

ఇది నీకు అందేసరికి అయిపోయి ఉంటుంది. అయినా ఎవరికైనా చెప్పుకోవాలి కదా. దయచేసి ఇంక ఎవరి చేతా ఏమీ పంపించకు.

ఇప్పుడు పెడుతున్నాను, నమస్కారం.
వాసవి

డోన్, 13 జూన్ 2009

మా వాసవికి మామ చిన్న గొంతుతో రాసేది.

నీ ఉత్తరం మండీలో చదవలేదు, పెరట్లో చదివాను. మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టు అనే మండీ ఒకటి లోకంలో ఉంటుందని నాకెట్లా తెలుస్తుంది? అట్లాంటి చోట దొంగ సరుకు రోజూ అమ్ముడుపోదా? సరేలే, వాళ్ల మండీ వాళ్లది.

ముప్పై ఒక్కమంది చేత క్షమించమని రాయిద్దామా అని జ్ఞానరాజును అడిగాను. ఆయన లేచి సెంటర్ తలుపు మూసేశాడు.

అమ్మా, ఒక్క మాట విను. సారు చెప్పినట్టే రాసేయి. సహాయకురాలినని రాస్తే ఏం పోయింది? ఉద్యోగం ఉంటే పేరు ఎప్పుడైనా వస్తుంది. పేరు కోసం పోయి ఉద్యోగం పోగొట్టుకోవద్దు. ఫోన్లెత్తే పనయినా గౌరవమైనదే. తిట్లదేముంది, నాలాగా సగమే వినే చెవి చేసుకో.

ఈ మాట రాస్తూ ఉంటే మీ అత్త భుజం మీదుగా చదివి, "బజారంతటి చేత కేకలు పెట్టించి, ఇప్పుడు పిల్లను గమ్మునుండమంటాండారా? ఏం మనిషో!" అని పోయింది. పప్పులో ఉప్పు వేయలేదు. మరచిపోయి కాదు.

ఉప్పు లేని పప్పు తిన్న
మామ

బెంగుళూరు, 24 జూన్ 2009

మామకు నమస్కారం, ఈసారి మొదటే.

నీ సలహా అందేసరికి నేను రాసేసి వారమైంది. మంచిదే అయింది. ముందే వచ్చి ఉంటే వినేదాన్నేమో.

సార్ చెప్పింది రాయడానికే కూర్చున్నాను. "ఆవిడ సహాయకురాలు" అని మొదలుపెట్టి, ఆ ఆవిడ నేనే కదా అని ఆగిపోయాను. తర్వాత ఇట్లా రాశాను: "నేను వాసవిని. ఆ ముప్పై ఒక్కమంది నిజమైన మనుషులు, మా మామ మండీలోవాళ్లు. వాళ్ల మండీలో కొత్తవాడికి ఎవరూ పలకకపోతే వెనక్కి పంపుతారు. ఇక్కడ మౌనమే ఒప్పుకోలని వాళ్లకు తెలియదు. నేను సరిగా చెప్పలేదు, క్షమించండి. ఈ కాగితంలో ప్రతి వరుసా నేను రాశాను. అడగవలసినవి ఉంటే నన్ను అడగండి." పంపే ముందు సార్ గదికి పోయి చూపించాను. "ఏం లేదు సార్" అనలేదు. ఆయన చాలాసేపు చదివారు. నేను రాసినవాటిలో ఆయన చదివిన మొదటి ముక్క అదేనేమో. పంపమనలేదు, వద్దనలేదు. మీ మండీ లెక్కనైతే వద్దన్నట్టు. ఇక్కడి లెక్కన ఒప్పుకున్నట్టు. ఇక్కడి లెక్క పట్టుకుని పంపేశాను.

ఫిన్లాండ్ పెద్దాయన నిజంగానే అడిగారు. చీటీ మీద ఒకటి రాసి గంపలో ఇంకొకటి పెట్టి పంపితే ఏమవుతుంది అన్నారు. చీటీ గంపను ఎట్లా విప్పాలో చెబుతుందే కానీ లోపలి సరుకుకు హామీ కాదు, విప్పినవాడు ముద్ర సరిచూసుకునే తీరాలి, ఆ మాట కాగితంలో ఫలానా చోట రాశాను అన్నాను. ఇంకా అడిగారు, చెప్పాను. ఒకదానికి తెలియదన్నాను, రెండు రోజులు చదివి మళ్లీ చెప్పాను. చివరికి ఆయన "నాకు అభ్యంతరం లేదు. అడగవలసిన మనిషి పేరు సరిచేయండి" అని రాశారు. అంతే, రెండు వాక్యాలు.

సార్ సరిచేశారు. పేరు పట్టీకెక్కింది మామా. ఎక్స్ పోయింది. ఆ వరుసలో నా పూర్తి పేరు, శ్రీవాసవి అని ఉంది. సెప్టెంబరులో నేను ఈ పనిలోనే ఉంటానని చీటీ కూడా వచ్చింది. సార్ నాతో ముక్తసరిగానే ఉన్నారు, నా కుర్చీని ఏసీ గాలి నేరుగా తగిలే చోటికి మార్చారు. నిన్న మాత్రం దగ్గరికి వచ్చి, "ఆ వేలిముద్ర వేసినావిడ ఎవరు?" అని అడిగారు. చెబితే నవ్వారు. శాలువా కప్పుకుని పని చేస్తున్నాను.

మండీలో అందరికీ చెప్పు. వాళ్ల పూచీ వల్ల కాదని కూడా చెప్పు, నిజం నిజమే కదా.

చలిలో కూర్చున్న,
వాసవి

డోన్, 6 జూలై 2009

అడగవలసిన మనిషి అయిన మా శ్రీవాసవికి మామ రాసేది.

నీ ఉత్తరం ఈసారి కాటా దగ్గర నిలబడి గట్టిగా చదివాను. నువ్వు చెప్పమన్నట్టే, మీ పూచీ వల్ల కాదు, పిల్ల తన పేరు తానే చెప్పుకుని జవాబులిస్తే అయింది అన్నాను. ఎవరూ నమ్మలేదు. కంబన్న టమోటా చీటీల మాట వల్లే అయిందంటాడు. జ్ఞానరాజు తన ఇంగ్లీషు వల్ల అంటాడు. శివన్న, "ఎవరో తెలీదని నిజం చెప్పినాను చూడు, ఆ మాట వాళ్లకు నచ్చింటాది" అంటాడు. సారు చెప్పినట్టు వినమని రాసింది నేనేనన్న సంగతి మీ అత్త చెప్పబోయింది. అంతలో లారీ వచ్చి నన్ను కాపాడింది.

అందరూ పోయాక గిడ్డమ్మ ఒక్కతే నిలబడింది. "ఏమప్పా, రేపు ఆ పాప పెట్టిన పేరుతో ఎవరన్నా తప్పుడు సరుకు పంపితే, మనమేం చేయాల?" అంది. మా మండీలో పూచీ ఇచ్చినవాడు, ఆ మనిషి తప్పితే తాను నిలబడాలి. అది ఆమె బాధ.

"మనమేం చేయనక్కరలేదమ్మా. ఆడ అట్లాంటిదేమీ లేదు. ఏమైనా ఆ పిల్లే చూసుకుంటాది" అన్నాను. సంతోషిస్తుందనుకున్నాను. మొహం మాడ్చుకుంది.

"అట్లయితే అదేం పూచీ? నష్టమొస్తే నిలబడేది లేకుంటే, ఊరికే నోటిమాటేనా నేను చెప్పింది? నేను అట్లాంటిదాన్ని కాదు. నిలబడతానని పాపకు రాయి. నువ్వు రాయకుంటే ఆ అద్దం మీద నేనే ఇంకొకసారి వేలు పెడతా."

జ్ఞానరాజు అద్దం మీద జాలిపడి రాస్తున్నాను. కాబట్టి జాగ్రత్తగా పనిచేయి తల్లీ. నీకు ఏ రాత్రి ఎవరు ఏ ఊరినుంచి ఆ పేరు గురించి ఉత్తరం రాసినా, తెలియకపోతే తెలియదని చెప్పి, చదివి, మళ్లీ చెప్పు. ఇక్కడ ఒక ముసలిది టమోటాలు ఏరుకుంటూ, దానికంతా తానే జవాబుదారీ అనుకుంటోంది. కాదని చెప్పే ధైర్యం నాకు లేదు.

శాలువా మందంగా ఉండేది కొనుక్కో.

నీ వెనక వరుసలో నిలబడ్డ
మామ నాగసుబ్బయ్య